కౌంటీ కోర్టు ఫైలు అందరిదీ... చివరి పేజీ దాకా చదవాలి

అమెరికాలో కోర్టు కాగితం సాధారణంగా ఎవరడిగినా ఇస్తారు. ఎక్కడ వెతకాలో, ఏమని అడగాలో, అందులో ఏది చూడాలో తెలియక తెలుగు కుటుంబాలు చిక్కుల్లో పడుతున్నాయి. గ్రీన్‌కార్డు నుంచి పెళ్లి సంబంధం దాకా అన్నిటితోనూ ముడిపడిన ఆ ఫైలును సంపాదించే దారి ఇది.

తిరుపతిలో 1975లో ఒక పెళ్లి జరిగింది. అయిదేళ్లకు, 1980లో, అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టు ఆ పెళ్లిని రద్దు చేస్తూ డిక్రీ ఇచ్చింది. భార్య ఆ కోర్టు గడప తొక్కలేదు. నిరసన తెలుపుతూ జవాబు మాత్రం పంపింది. తర్వాత భర్త మరో పెళ్లి చేసుకోవడంతో ఆమె ఇక్కడ కోర్టుకెక్కింది. మెట్టు మెట్టూ ఎక్కిన ఆ కేసు 1991లో సుప్రీంకోర్టులో తేలింది. అక్కడ న్యాయమూర్తులు తేల్చాల్సిన సంగతుల్లో ఒకటి వినడానికి చాలా చిన్నది. మిస్సోరి తీర్పుకు తీసిన జిరాక్స్ కాపీని సాక్ష్యంగా చూడొచ్చా, లేదా?

జిరాక్స్ అయినంత మాత్రాన దాన్ని కొట్టిపారేయలేమని సుప్రీంకోర్టు చెప్పింది. ఫైలు ఎవరి అధీనంలో ఉందో ఆ డిప్యూటీ క్లర్కే దాన్ని నిజప్రతిగా ధ్రువీకరించారు. కానీ అప్పటి మన సాక్ష్య చట్టం అంతకు మించి ఇంకో మెట్టు అడిగేది. అమెరికాలోని భారత ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ కూడా ఉండాలి. అది లేకపోవడంతో ఆ కాగితం చెల్లలేదు. అసలు విషయంలోనూ సుప్రీంకోర్టు ఆమె పక్షానే నిలిచింది. హిందూ వివాహ చట్టం ఒప్పుకోని కారణంపై, విచారణ పరిధి లేని కోర్టు ఇచ్చిన ఆ డిక్రీకి ఇక్కడ గుర్తింపు లేదని తేల్చింది.

ఆ రోజుల్లో ఇలాంటి కేసు అరుదు. ఇప్పుడు అమెరికాలో మనవాళ్లు లేని రాష్ట్రం లేదు. ట్రాఫిక్ టికెట్టు, అద్దె తగాదా, విడాకులు, వీలునామా, ఇల్లు కొనుగోలు, ఇలా ఏదో ఒక పని మీద ప్రతి కుటుంబానికీ ఎప్పుడో ఒకప్పుడు కౌంటీ కోర్టుతో పని పడుతూనే ఉంటుంది. అప్పుడు చేతిలో ఉండాల్సింది ఊళ్లో చెప్పుకునే మాట కాదు. కోర్టు ముద్ర పడిన కాగితం, ఆ కాగితం మొత్తాన్నీ చదివే ఓపిక.

ముందు ఏ కౌంటీయో తేలాలి

అమెరికాలో 3 వేలకు పైగా కౌంటీలున్నాయి. ఒక్క టెక్సాస్‌లోనే 254, కాలిఫోర్నియాలో 58. దేశంలోని కోర్టులన్నింటినీ ఒకే చోట వెతికిపెట్టే సర్కారీ వెబ్‌సైటు లేదు. ఫెడరల్ కోర్టుల ఫైళ్లకు ‘పేసర్’ అనే వ్యవస్థ ఉంది. కానీ విడాకులు, వారసత్వం, ఇల్లు ఖాళీ చేయించడం, చిన్న చోరీలు, తాగి బండి నడపడం వంటి కేసులు అక్కడికి వెళ్లవు. అవన్నీ రాష్ట్ర కోర్టుల్లో, అంటే కౌంటీ స్థాయిలోనే నడుస్తాయి. పేసర్‌లో పేరు కనబడలేదు కాబట్టి కేసే లేదనుకుంటే పొరపాటు.

కాబట్టి మనిషి ఏ ఊళ్లో ఉంటున్నాడన్నది మొదటి ప్రశ్న, ఆ ఊరు ఏ కౌంటీలో ఉందన్నది రెండోది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ పరిసరాలే తీసుకుందాం. అర్వింగ్ ఊరు డాలస్ కౌంటీలో ఉంది. ప్లేనోలో ఎక్కువ భాగం కాలిన్ కౌంటీ. ఫ్రిస్కో అయితే కాలిన్, డెంటన్ అని రెండు కౌంటీల మధ్య పరుచుకుని ఉంది. ఒకే ఊళ్లో రెండు వీధుల ఫైళ్లు రెండు వేర్వేరు కోర్టుల్లో ఉండొచ్చు.

కౌంటీ తేలాక, అందులో ఏ ఆఫీసు అన్నది మూడో ప్రశ్న. టెక్సాస్‌లో విడాకులు, పెద్ద సివిల్ దావాలు, పెద్ద నేరాల ఫైళ్లు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గరుంటాయి. వీలునామాలు, చిన్న నేరాలు, పెళ్లి లైసెన్సులు, ఆస్తి దస్తావేజులు కౌంటీ క్లర్క్ చూస్తారు. 20 వేల డాలర్ల లోపు తగాదాలు, ఇల్లు ఖాళీ చేయించే కేసులు జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకు వెళ్తాయి. సిటీ పోలీసు రాసిన ట్రాఫిక్ టికెట్టు మున్సిపల్ కోర్టుది. ఒక కౌంటర్లో ‘మా దగ్గర లేదు’ అంటే ఎక్కడా లేదని అర్థం కాదు. పక్క ఆఫీసులో ఉండొచ్చు. కాలిఫోర్నియాలో ఇంత చిక్కు లేదు, ప్రతి కౌంటీకీ ఒకటే సుపీరియర్ కోర్టు. న్యూయార్క్‌లో పేరే తికమక పెడుతుంది. అక్కడ ప్రతి కౌంటీలోనూ విచారణ జరిపే కోర్టునే ‘సుప్రీంకోర్టు’ అంటారు. దాని ఫైళ్లు కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి.

ఎందుకని అడగరు

మనకు వింతగా తోచేది ఇదే. ఆ కేసుతో మీకేం సంబంధం అని అక్కడి క్లర్కు సాధారణంగా అడగరు. కేసు నంబరు చెప్పి, ఫీజు కడితే ఫైలు కాపీ చేతిలో పెడతారు. న్యాయం నలుగురి కళ్లెదుట జరగాలన్న పాత ఇంగ్లిష్ సంప్రదాయం నుంచి వచ్చిన పద్ధతి ఇది. వాటర్‌గేట్ టేపుల నకళ్ల కోసం మీడియా సంస్థలు వేసిన కేసులో 1978లో అమెరికా సుప్రీంకోర్టు టేపులైతే ఇప్పించలేదు గానీ, కోర్టు రికార్డులు సహా ప్రభుత్వ పత్రాలను చూసే, నకలు తీసుకునే హక్కు ప్రజలకు సాధారణంగా ఉందని ఒప్పుకుంది. రెండేళ్ల తర్వాత క్రిమినల్ విచారణలు సాధారణంగా తలుపులు మూసి జరపడానికి వీల్లేదని రాజ్యాంగాన్ని ఆధారం చేసుకునే చెప్పింది. టెక్సాస్‌లో సివిల్ కేసు ఫైలుకు సీలు వేయాలంటే 1990 నుంచి ప్రత్యేక నిబంధన ఉంది. ఫైలు తెరిచే ఉండాలన్న భావనతోనే న్యాయమూర్తి మొదలుపెట్టాలి. మూయాలనుకునేవాళ్లే కారణం చూపాలి.

ఇక్కడొక అపోహ తొలగాలి. మన సమాచార హక్కు చట్టం లాంటిది అక్కడా ఉంది కదా అని ఆ చట్టం కింద కోర్టుకు ఉత్తరం రాసేవాళ్లున్నారు. ఫెడరల్ సమాచార స్వేచ్ఛా చట్టం ప్రభుత్వ శాఖలకే వర్తిస్తుంది, కోర్టులకు వర్తించదు. కోర్టు ఫైలుకు కోర్టు క్లర్కునే అడగాలి.

తెలుగు పేరుతో వెతుకులాట

చాలా కౌంటీలు తమ వెబ్‌సైట్‌లో పేరుతో వెతికే సదుపాయం ఇచ్చాయి. టెక్సాస్‌లో చాలా కౌంటీల కేసులను ఒకే చోట చూపించే ‘రీసెర్చ్‌టీఎక్స్’ ఉంది. మనవాళ్లు చతికిలపడేది ఇక్కడే. ఇంటిపేరు ముందా, చివరా? శ్రీనివాస్‌లో ‘ఐ’ ఒకటా, ‘ఈ’లు రెండా? లక్ష్మికి ‘కేఎస్‌హెచ్’ రాశారా, ‘ఎక్స్’ రాశారా? పాస్‌పోర్టులో ‘వెంకట’ ఉండి, డ్రైవింగ్ లైసెన్సులో అది మధ్యపేరుగా మారి, పోలీసు రాసిన చీటీలో మొత్తానికే ఎగిరిపోవచ్చు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అక్కడి రికార్డుల్లో ఉన్న పేరునే ఇంటిపేరుగా తీసుకుని, మొదటి పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని, అంటే మొదటి పేరు తెలియదని, రాసేస్తారు. అందుకని ఒక్క స్పెల్లింగ్‌తో వెతికి వదిలేయకూడదు. పేరునూ ఇంటిపేరునూ అటూ ఇటూ మార్చి, మొదటి మూడు నాలుగు అక్షరాలు మాత్రమే కొట్టి కూడా చూడాలి.

దీనికి రెండో వైపు ఇంకా ముఖ్యం. రెడ్డి, రావు, కుమార్ వంటి పేర్లు వేలమందికి ఉంటాయి. పేరు కలిసిందని కేసు కలిసినట్టు కాదు. పుట్టిన సంవత్సరం, చిరునామా, మధ్యపేరు సరిపోవాలి. కాలిఫోర్నియాలో ఈ సరిపోల్చుకోవడం ఇంకా కష్టమైంది. పుట్టిన తేదీతో, డ్రైవింగ్ లైసెన్సు నంబరుతో జనం క్రిమినల్ కేసులు వెతికే వీలు కల్పించకూడదని 2021లో రివర్‌సైడ్ కౌంటీ కేసులో అక్కడి అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. శిక్ష అనుభవించి బయటికొచ్చినవాళ్లకు బతుకుదెరువు దొరకాలన్న తపనతో ఒక సంఘం వేసిన కేసది. ఆ ఉద్దేశం మంచిదే. దానివల్ల పేరొక్కటే పట్టుకుని వెతికేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాల్సి వచ్చింది.

వెబ్‌సైటులో దొరక్కపోతే కోర్టుకే వెళ్లొచ్చు. జనం కోసం పెట్టిన కంప్యూటర్లు అక్కడ ఉంటాయి, చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు. మీరు ఇండియాలో ఉంటే ఉత్తరం ద్వారా, కొన్ని కౌంటీల్లో ఆన్‌లైన్‌లో అడగొచ్చు. అక్కడున్న బంధువులెవరినైనా పంపినా సరిపోతుంది. ఫైలు బహిరంగమైనదైతే మీ తరఫున అధికార పత్రం కూడా అక్కర్లేదు. ఏ ఫారం నింపాలో క్లర్కు చెబుతారు. కేసులో ఏం చేయాలో మాత్రం చెప్పరు, చెప్పకూడదు కూడా. దానికి వకీలే కావాలి.

డాకెట్‌లో ఏం చూడాలి?

ఫైలుకు ముందు చూడాల్సింది డాకెట్. కేసు వేసిన రోజు నుంచి ఏ తేదీన ఏం జరిగిందో వరసగా చెప్పే పట్టిక అది. కేసు నంబరే సగం కథ చెబుతుంది. డాలస్ కౌంటీలో ‘డీసీ’తో మొదలైతే జిల్లా కోర్టు సివిల్ కేసు, ‘డీఎఫ్’ అయితే కుటుంబ కేసు, ‘పీఆర్’ అయితే వీలునామా, వారసత్వానికి సంబంధించింది. తర్వాతి రెండంకెలు కేసు వేసిన సంవత్సరం.

దుకాణంలో వస్తువు తీసుకున్నాడన్న ఆరోపణ మీద ఒక విద్యార్థిని అరెస్టు చేశారనుకుందాం. డాకెట్ మొదటి వరసలో ఫిర్యాదు దాఖలైన తేదీ, సెక్షను ఉంటాయి. తర్వాత బాండు. ఆ తర్వాత కోర్టు ముందు హాజరు, వకీలు నియామకం, రెండు మూడు వాయిదాలు. చాలామంది ఇక్కడిదాకా చదివి, ఫోను తీసుకుని ఊరంతా చెప్పేస్తారు. ‘అబ్బాయి మీద దొంగతనం కేసుందటండీ!’ అని. అసలు సంగతి ఉండేది కింద, డిస్పోజిషన్ అనే గడిలో. కేసు ఎలా ముగిసిందో అక్కడ రాసి ఉంటుంది. ‘డిస్మిస్డ్’ అంటే కొట్టేశారు. ‘అక్విటెడ్’ అంటే నిర్దోషి. ‘కన్విక్టెడ్’ అంటే నేరం రుజువైంది.

టెక్సాస్ ఫైళ్లలో ‘డెఫర్డ్ అడ్జుడికేషన్’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. నిందితుడు నేరం ఒప్పుకుంటాడు, లేదా పోరాడనంటాడు. జడ్జి తీర్పు రాయకుండా ఆపి, కొన్ని నెలలు పర్యవేక్షణలో ఉంచుతారు. బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తారు. రాష్ట్ర చట్టం దృష్టిలో అది సాధారణంగా నేరనిర్ధారణ కిందికి రాదు. ‘కేసు పోయిందిలే’ అని పిల్లలు ఊపిరి పీల్చుకునేది అందుకే. కానీ 1996లో సవరించిన వలస చట్టం ప్రకారం నేరం ఒప్పుకోలు, దానితోపాటు ఏదో ఒక ఆంక్ష ఉంటే చాలు, అది నేరనిర్ధారణ కిందే లెక్క. ఒకే కాగితాన్ని కౌంటీ కోర్టు ఒకలా చదివితే, వలస అధికారి మరోలా చదువుతారు. అందుకే ఒప్పందం మీద సంతకం పెట్టేముందు వలస చట్టం తెలిసిన వకీలును సంప్రదించడం అత్యవసరం.

పౌరసత్వం దరఖాస్తులో పాత అరెస్టుల సంగతి చెప్పాల్సిందే. కేసు కొట్టేసినా, రికార్డు చెరిపేసినా చెప్పాల్సిందే. దానికి జతగా ధ్రువీకరించిన కోర్టు డిస్పోజిషన్ అడుగుతారు. రికార్డు చెరిపేయించుకునే ముందే నాలుగైదు సర్టిఫైడ్ కాపీలు తీసి దాచుకోమని వకీళ్లు చెప్పేది ఇందుకే. ఒకసారి చెరిగాక క్లర్కు దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు.

కాపీ, ముద్ర, ఖర్చు

కాపీల్లో రెండు రకాలున్నాయి. చదువుకోవడానికి మామూలు కాపీ చాలు. ఏదైనా ఆఫీసులో ఇవ్వాలంటే క్లర్కు సంతకం, కోర్టు ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ కావాలి. ధరలు రాష్ట్రానికొకలా ఉంటాయి. కాలిఫోర్నియాలో పేజీకి 50 సెంట్లు, ధ్రువీకరణకు 40 డాలర్లు. వెతకడానికి 10 నిమిషాలు దాటితే మరో 15 డాలర్లు. ఫ్లోరిడాలో పేజీకి డాలరు, ధ్రువీకరణకు 2 డాలర్లు. ఫెడరల్ పేసర్‌లో పేజీకి 10 సెంట్లు. ఒక పత్రానికి 3 డాలర్లకు మించదు. మూడు నెలల్లో 30 డాలర్ల లోపు వాడితే అసలు బిల్లే వేయరు. కేసు నంబరు, కావాల్సిన పత్రం పేరు, దాని తేదీ ముందే రాసుకుని వెళ్తే వందల పేజీల ఫైలంతా కొనే పని తప్పుతుంది. కోర్టు హాల్లో ఎవరేం మాట్లాడారన్నది మామూలుగా ఫైలులో ఉండదు. దాన్ని కోర్టు రిపోర్టరు దగ్గర విడిగా కొనుక్కోవాలి.

ఆ కాగితం ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో చెల్లాలంటే మరో మెట్టుంది. సర్టిఫైడ్ కాపీని ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయానికి పంపి అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా చేసే ధ్రువీకరణ, వేయించాలి. అపోస్టిల్‌ను గుర్తించే అంతర్జాతీయ ఒప్పందం భారత్‌కు 2005 నుంచి వర్తిస్తోంది. ఇక్కడి కోర్టులో దాఖలు చేసేదైతే, ఇంకే ధ్రువీకరణ కావాలో ముందే మన వకీలును అడగడం మేలు. 1991 తీర్పు చెప్పిన మరో పాఠాన్నీ మరవకూడదు. ముద్రలన్నీ ఉన్నంత మాత్రాన అమెరికా విడాకులు ఇక్కడ వాటంతట అవే చెల్లవు. ఆ కోర్టుకు విచారణ పరిధి ఉందా, అవతలి పక్షానికి మాట్లాడే అవకాశం దొరికిందా అన్నది ఇక్కడి కోర్టు చూస్తుంది.

తెరుచుకోని తలుపులు

అంతా బహిరంగమే అనుకోకూడదు. బాల నేరస్తుల కేసులు, దత్తత ఫైళ్లు దాదాపు అన్ని చోట్లా గోప్యమే. విడాకుల దగ్గర రాష్ట్రాలు రెండు దారులు పట్టాయి. టెక్సాస్‌లో విడాకుల ఫైలు మామూలుగా ఎవరైనా చూడొచ్చు. న్యూయార్క్‌లో 100 ఏళ్ల దాకా ఆ దంపతులకూ వాళ్ల వకీళ్లకూ తప్ప ఇతరులకు చూపించరు. కాలిఫోర్నియాది మధ్యేమార్గం. విడాకులు, క్రిమినల్, గార్డియన్‌షిప్ ఫైళ్లను బయటివాళ్లకు ఇంటర్నెట్‌లో పెట్టరు. కోర్టుకు వెళ్లి అడిగితే చూపిస్తారు.

ఆ తేడా వెనక లోతైన ఆలోచన ఉంది. దేశమంతా చెల్లాచెదురుగా ఉన్న కోర్టు ఫైళ్లను ఓపికగా తిరిగి చూడటం వేరు, ఒక మనిషి గతమంతా ఒకే చోట కుప్పపోసి చూపడం వేరని 1989లో అమెరికా సుప్రీంకోర్టు గుర్తించింది. ఇంటర్నెట్ వచ్చాక ఆ దూరం చెరిగిపోయింది. దానికి జవాబుగానే పాత, చిన్న కేసులను వాటంతట అవే సీలయ్యేలా చేసే చట్టాన్ని పెన్సిల్వేనియా 2018లో మొదటగా తెచ్చింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు ఆ బాట పట్టాయి.

పెళ్లి సంబంధాల వేళ

అమెరికా సంబంధం వచ్చిందంటే వాకబు చేయడం తల్లిదండ్రుల ధర్మం. పాత పెళ్లి దాచిన పెద్దమనుషుల చేతిలో నలిగిన ఆడపిల్లలు ఎందరో. వాళ్ల కన్నీళ్లు చూసినవాళ్లెవరూ వాకబు వద్దనరు. అబ్బాయి చదివిన ఊరు, పనిచేసిన ఊళ్లు రాసుకుని, ఆ కౌంటీల్లో పెళ్లి లైసెన్సు, విడాకుల ఫైలు ఉన్నాయేమో వెతకొచ్చు. కాలిఫోర్నియాలో ‘కాన్ఫిడెన్షియల్’ పెళ్లి లైసెన్సు తీసుకున్నవాళ్ల కాగితం బయటివాళ్లకు ఇవ్వరన్నది గుర్తుంచుకోవాలి. కాబట్టి ఏమీ దొరకలేదన్నంత మాత్రాన ఏమీ లేదని హామీ లేదు.

ఇదంతా సొంతంగా చేయకుండా, పేరు కొడితే చరిత్రంతా చెబుతామనే ప్రైవేటు సైట్లకు డబ్బు కట్టేవాళ్లే ఎక్కువ. వాటిలో చాలావరకు పాత సమాచారం, పక్కవాడి కేసు, ముగింపు లేని అరెస్టు. ఒక మనిషి 2011లో కాలిఫోర్నియాలో కారు కొనడానికి వెళ్తే, ఉగ్రవాదుల నిషేధ జాబితాలో ఉన్న పేరుతో అతని పేరు కలుస్తోందని క్రెడిట్ నివేదికలిచ్చే ట్రాన్స్‌యూనియన్ సంస్థ నివేదిక చెప్పింది. అమ్మకందారు అతని పేరు మీద కారు అమ్మనన్నాడు. కలిసింది మొదటి పేరు, ఇంటిపేరు మాత్రమే. పుట్టిన తేదీ చూసి ఉంటే చిక్కు విడిపోయేది. ఆ కేసు 2021లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలాంటి నివేదికే మనవాళ్లు కొందరి వాట్సాప్‌లో తిరిగి సంబంధం చెడగొడితే, ఆ కుర్రాడు తన మీద పడిన మచ్చేమిటో తెలుసుకునే అవకాశం కూడా ఉండదు.

ఉద్యోగానికో అద్దె ఇంటికో వాడే నివేదికలకు అమెరికాలో 1970 నాటి చట్టం కట్టుబాట్లు పెట్టింది. ఉద్యోగమైతే లిఖితపూర్వక అనుమతి కావాలి. నివేదిక చూసి కాదంటే ఆ మాట చెప్పాలి, తప్పుంటే సరిచేయమని అడిగే హక్కు ఉంటుంది. పెళ్లి వాకబుకు అలాంటి చట్టం లేదు. అందుకే మన మర్యాదే అక్కడ చట్టం కావాలి. ఫైలులో ఏదైనా కనిపిస్తే ముందు ఆ మనిషిని అడగాలి, చెప్పుకోనివ్వాలి. ఆ తర్వాతే నిర్ణయం.

మన కోర్టుల్లో?

కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడం ఇప్పుడు ఇక్కడా సులువే. ఈ-కోర్ట్స్ సైటులో 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరుతోనో, కక్షిదారు పేరుతోనో చూస్తే వాయిదా తేదీలు, చాలా కేసుల్లో ఉత్తర్వులు దొరుకుతాయి. నకలు దగ్గరే తేడా వస్తుంది. కేసులో లేని మనిషి సర్టిఫైడ్ కాపీ కావాలంటే కారణం చూపి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ నిబంధనలను పక్కనబెట్టి సమాచార హక్కు చట్టం కింద కాపీలు అడగలేమని గుజరాత్ హైకోర్టు కేసులో 2020లో మన సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అమెరికాలో తలుపు బార్లా తెరిచి ఉంటుంది. ఇక్కడ తట్టి, ఎవరో చెప్పి, లోపలికి రావాలి. తీర్పులు ఎలా వస్తున్నాయో జనానికి కనబడాలంటే మన తలుపు మరికాస్త తెరుచుకోవాలన్నది నా గట్టి నమ్మకం. దాంతోపాటే చిన్న తప్పులు చేసినవాళ్లను జీవితాంతం వెంటాడకుండా కాచే సీలు చట్టాలూ రావాలి.

కోర్టు రికార్డు బహిరంగంగా ఉంచింది న్యాయమూర్తిని, పోలీసును, ప్రభుత్వాన్ని జనం కనిపెట్టి ఉండటానికి. పక్కింటివాడి బతుకు బజారున పెట్టడానికి కాదు. క్లర్కు దగ్గర తెచ్చిన కాపీ, సరిచూసుకున్న పుట్టిన సంవత్సరం, ఆఖరి వరస దాకా చదివిన డాకెట్ ఉంటే మీ బిడ్డ భవిష్యత్తును కాపాడుకోగలరు. మరొకరి బిడ్డకు అన్యాయం చేయకుండా కూడా ఉండగలరు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా, దొరికే దాకా నోరు విప్పకండి.